హ్రుషివ్కా రొట్టె

రొట్టె అతని ముందు నుంచే వెళ్ళిపోయింది.

అర్సేనీ యుఖిమోవిచ్ అప్పటికే కుడిచేతి తొడుగు తీసి జేబులో పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. రెండుసార్లు పార్లమెంటుకి గెలిచిన మనిషి, ఇక్కడి వాడుకలో డిప్యూటీ. ఊరి ఆడవాళ్ళు రొట్టె పట్టుకుని ఎదురొస్తే ఎంత ముక్క విరవాలో, ఉప్పులో ఎంత అద్దాలో, నములుతూ ఫోటోలు తీసేవాడి వైపు ఎలా తిరగాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఎర్రదారంతో పూలు కుట్టిన చొక్కాలు తొడుక్కున్న నలుగురు ఆడవాళ్ళు హ్రుషివ్కా ఊరి కొత్త ఆరోగ్య కేంద్రం మెట్ల మీద నుంచి దిగారు. ముందున్నావిడ చేతుల మీద పొడుగాటి తువ్వాలు, దాని మీద పళ్ళెమంత రొట్టె, రొట్టె నడుమ చిన్న గిన్నెలో ఉప్పు. ఆవిడ తిన్నగా అతని వైపే వచ్చి, అతన్ని చూసి చనువుగా నవ్వి, అతన్ని దాటుకుని, రెండడుగుల వెనక నిలబడ్డ ఉలియానా పావ్లివ్నా ముందు ఆగింది.

ఉలియానా పావ్లివ్నా అతని సహాయకురాలు. జిల్లా కేంద్రంలో అతని కార్యాలయం చూసుకుంటుంది. ఆవిడ కూడా బిత్తరపోయి అతని వైపు చూసింది. రొట్టె పట్టుకున్నావిడ ఏదో చెబుతోంది గాని, స్తంభానికి కట్టిన లౌడ్ స్పీకరు పాట హోరులో అర్సేనీ యుఖిమోవిచ్‌కి ఒక్క ముక్క వినబడలేదు. ఉలియానా మెల్లిగా వంగి, అంచు నుంచి చిన్న ముక్క విరిచి, ఉప్పులో అద్ది నోట్లో వేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రొట్టె మొత్తం తువ్వాలుతో సహా ఆవిడ చేతుల్లో పెట్టేశారు.

అర్సేనీ యుఖిమోవిచ్ తీసిన తొడుగు మళ్ళీ తొడుక్కున్నాడు. ఆ కాస్త పని చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

అంతలో గుంపులోంచి ఒక ముసలావిడ వచ్చింది. తలగుడ్డ కింద ఎండిన ఆపిల్ లాంటి మొహం. పలకరింపు కూడా లేకుండా అతని కోటు పట్టుకుని పై గుండీ పెట్టింది.

"గాలి కొడుతుంటే ఇట్టా తిరుగుతావేందయ్యా, చిన్నపిల్లాడిలాగా," అంటూ పైట చాటు నుంచి తీసినట్టు, ముందు కట్టుకున్న గుడ్డ కింద నుంచి వేడి వేడి బన్ను ఒకటి తీసింది. లోపల వేయించిన క్యాబేజీ. దాన్ని అతని కోటు జేబులో కుక్కేసింది. ప్రారంభోత్సవానికి కట్టిన రిబ్బను దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. వాళ్ళు మంచిగానే నవ్వి ఉండవచ్చు. అతనికి మాత్రం చెవులు భగ్గుమన్నాయి. కీవ్ నుంచి నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాడికి జేబులో నూనె ఓడే బన్నూ, కాగితాలు టైపు చేసే మనిషికి ఉప్పూ రొట్టే.

రిబ్బను కత్తిరించాడు. నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ కేంద్రం కోసం తను ఆరోగ్య శాఖకి ఎన్ని ఉత్తరాలు రాశాడో చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ అతని కళ్ళు గోడవారన బెంచీ మీదే ఉన్నాయి. అక్కడ ఉలియానా రొట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడకి చెరోపక్కా చేరి కబుర్లు చెబుతున్నారు. డిప్యూటీ నిలబడి మాట్లాడుతుంటే సహాయకురాలు కూర్చోవడమేమిటి? ఆ మర్యాద కూడా మర్చిపోయిందన్నమాట.

కారెక్కాక డ్రైవరు జఖార్ ఊరుకోలేదు. వాడి నోటికి తాళం ఎప్పుడూ లేదు.

"వచ్చే ఏడు ఎన్నికల్లో ఉలియానా పావ్లివ్నా నిలబడితే మనం తట్టాబుట్టా సర్దుకోవడమేనండోయ్. రొట్టె నిన్న కాల్చారు, ఓట్లు అప్పుడే వేసేశారు."

"నోరు మూసుకుని రోడ్డు చూడు జఖార్," అంది వెనక సీట్లోంచి ఉలియానా, నవ్వుతూనే.

అర్సేనీ యుఖిమోవిచ్ నవ్వలేదు. పరాచికానికైనా ఒక మాట పుట్టిందంటే, దాని వెనక ఎక్కడో ఎవరో అనుకున్న మాట ఉండే ఉంటుంది. అసలు ఈవిడ ఎప్పుడూ కార్యాలయం గడప దాటదు. ఫోను ఎత్తేవాళ్ళుండరని ఆరేళ్ళుగా ఒక్క ఊరికీ రాలేదు. ఈసారి మాత్రం "నన్నూ తీసుకెళ్ళండి, హ్రుషివ్కా ఒక్కసారి చూడాలని ఉంది" అని తనంతట తను అడిగింది. ఎందుకు అడిగిందో ఇప్పుడు తెలిసింది అనుకున్నాడు. కారంతా తాజా రొట్టె వాసన. అతను అద్దం దించాడు.

*

గురువారం పొద్దున అతను తన గది తలుపు వేలెడంత తెరిచి ఉంచాడు.

కార్యాలయం అంటే బజారు వీధిలో రెండు గదులు. ఒకప్పటి పుస్తకాల కొట్టు. బయటి గదిలో ఉలియానా బల్లా, టెలిఫోనూ, వచ్చినవాళ్ళు కూర్చునే ఆరు కుర్చీలూ. లోపలి గదిలో జెండా, అతని బల్ల, పార్లమెంటు మెట్ల మీద అతను నిలబడ్డ పెద్ద ఫోటో. ఒక వారం కీవ్‌లో ఓటింగు మీట నొక్కడం, ఒక వారం ఇక్కడ మనుషుల్ని చూడడం, ఇదీ అతని బతుకు. మనుషుల్ని చూడడం అతనికి అంత చేతకాదని అతనికీ తెలుసు. చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో కూడా బాయిలరు ముందు ఎంతసేపైనా నిలబడేవాడు గాని, పనివాళ్ళతో పొద్దుపోక కబుర్లు చెప్పడం ఎరగడు.

తలుపు సందులోంచి వింటున్నాడు. పొద్దుటి నుంచి తొమ్మిదిమంది వచ్చారు. ఏడుగురు "ఉలియానా పావ్లివ్నా ఉందా?" అనే అడిగారు. ఒకడు మాత్రమే డిప్యూటీ ఉన్నాడా అన్నాడు. తొమ్మిదోవాడు రోడ్డవతలి చెప్పుల రిపేరు కొట్టు అనుకుని వచ్చాడు. చిన్నతనమని తెలిసి కూడా అతను వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు.

ఆవిడ గొంతు పెద్దగా లేవదు. ఇరవై ఏళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఎదుటివాళ్ళు చెప్పింది చివరిదాకా విని, అప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది. అంతే. దానికే వాళ్ళు పొంగిపోతారు. ఆ ఒక్క ప్రశ్న తను అడగలేడా? పార్లమెంటులో తను రెండుసార్లు మాట్లాడాడు. రెండోసారి మైకు కట్ అయ్యేదాకా మాట్లాడాడు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుసా?

పదకొండింటికి ఆవిడ సంతకాల ఫైలు తెచ్చింది. పెన్షన్లు, పైకప్పులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పోయిన పట్టాలు, ఇలా నలభై దాకా జవాబులు. వాడుక ప్రకారం అతను చదవకుండా, ఫోను చెవికి ఆనించుకుని సంతకాలు చేసుకుంటూ పోతాడు. ఇవాళ ఫోను పక్కన పెట్టాడు.

"సహాయకుల్ని ఎవర్నైనా తప్పించాలంటే ఏం రాయాలి?" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

"పార్లమెంటు కార్యాలయానికి ఒక పేజీ చాలు. పేరూ, తేదీ, మీ సంతకం. కారణం రాయక్కర్లేదు."

"ఒకటి టైపు చేసి తీసుకురండి. పేరు ఖాళీగా ఉంచండి."

కీవ్‌లో అతనికి ఇంకా ముగ్గురు సహాయకులున్నారు. వాళ్ళలో ఒకడు ఆర్నెల్లుగా మొహం చూపించలేదు. ఆవిడ వాడి గురించే అనుకుని ఉంటుంది. పది నిమిషాల్లో కాగితం వచ్చింది. ఆవిడ బయటికి వెళ్ళాక అతను తన కలంతో ఖాళీలో ఉలియానా పావ్లివ్నా రుదెంకో అని రాసి, సంతకం చేసి, దాన్ని నలభై ఉత్తరాల కింద అట్టడుగున పెట్టాడు. పిరికి పని. ఫైలూ, కలమూ రెండూ కలిపి ఆవిడకి ఇచ్చేశాడు. సంతకాలయ్యాక కవర్ల మీద చిరునామాలు రాయడానికి ఆవిడ ఎప్పుడూ అతని కలమే అడిగి తీసుకుంటుంది.

నాలుగింటికి ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ ఒక్క కాగితం ఉంది.

"ఇది కూడా ఇవాళ్టి టపాలోనేనా?"

"అవును. వచ్చే ఏడు ఎన్నికలు. కొత్త మొహాలు కావాలంటున్నారు పార్టీవాళ్ళు." పార్టీవాళ్ళు ఏమీ అనలేదు.

ఆవిడ ఏడుస్తుందనో, ఎందుకని అడుగుతుందనో అతను చూశాడు. అడిగితే చెప్పడానికి నిన్నటి నుంచి కూడబెట్టుకున్న మాటలు నోటి నిండా ఉన్నాయి. ఆవిడ కాగితాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది.

"రేపటికి ముప్ఫై ఒక్కరు పేర్లు రాయించుకున్నారు. వాళ్ళని ఎవరు చూస్తారు?"

"నేనే చూస్తాను."

"సరే," అంది. తన బల్ల దగ్గరికి వెళ్ళి పంపే కాగితాల పుస్తకంలో నంబరూ తేదీ వేసింది. కవరు అంటించింది. మిగతా ఉత్తరాలతో కలిపి గుడ్డసంచిలో పెట్టుకుంది. కుండీలో పూలమొక్కకి నీళ్ళు పోసి, తాళంచెవులు మేకుకి తగిలించింది.

అతను కిటికీలోంచి చూశాడు. తన ఉద్యోగం తీసేసిన కాగితాన్ని తనే పట్టుకుని ఆవిడ పోస్టాఫీసుకి నడుస్తోంది. వీధి దాటడానికి కూడా తొందర లేదు, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తోంది. పొగరు, అనుకున్నాడు. తప్పించింది తనైనా, తప్పుకున్నది ఆవిడే అయినట్టుంది ఆ నడక.

*

శుక్రవారం తొమ్మిదింటికే ఆరు కుర్చీలూ నిండిపోయాయి. మిగిలినవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. అతను బయటి గదిలో, ఆవిడ బల్ల దగ్గరే కూర్చున్నాడు. వాళ్ళు అడిగే మనిషి స్థానంలో కూర్చుంటే తననే అడుగుతారని ఒక ఆశ.

అడిగారు కూడా. ఉలియానా పావ్లివ్నా ఏదని ఇద్దరు అడిగి, సెలవు పెట్టిందంటే తలూపి ఊరుకున్నారు. మొదట వచ్చినవాడు పైకప్పు రేకుల మనిషి. దరఖాస్తు ఇచ్చి, లేచి వెళ్ళబోతూ, "అమ్మాయి నర్సింగులో చేరిందండి. మీరు అడిగారు గదా," అన్నాడు. అర్సేనీ యుఖిమోవిచ్ తనెప్పుడు అడిగాడో తెలియక "సంతోషం" అన్నాడు. రెండో మనిషి వెన్ను నొప్పి తగ్గిందని చెప్పాడు. మూడో ఆవిడ, మీరు చెప్పినట్టే మా ఆయన తాగుడు మానేశాడండి, మూడు వారాలు మానేసి మళ్ళీ మొదలుపెట్టాడండి, అంది. గదిలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. వీళ్ళతో తను ఎప్పుడు మాట్లాడాడు?

పదోదిగా వచ్చింది హ్రుషివ్కా ముసలావిడ, మొన్న అతని కోటు గుండీ పెట్టినావిడే. పేరు మోక్రినా. కుర్చీ లాక్కుని కూర్చుని, జేబురుమాలు ముడి విప్పి కాగితాలు బల్ల మీద పరిచింది.

"మా చెల్లెలికి కరెంటు మీటరు సంగతి, నాయనా. నాకు ఎట్టా చేశావో దానికీ అట్టాగే చెయ్యాలి. చూడు, నీ ఉత్తరాలన్నీ దాచుకున్నా."

అవి అతని ఉత్తరాలే. పైన ముద్ర, నడుమ టైపు చేసిన నాలుగు ముక్కలు, కింద అతని సంతకం. సంతకం కింద, అదే కలంతో, అదే నీలం సిరాతో, ఒక్కో దానిలో చేత్తో రాసిన ఒక వాక్యం ఉంది.

*మోక్రినా గారూ, ఆవు ఈనిందా? పెయ్యదూడా, కోడెదూడా?*

*మోక్రినా గారూ, ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాకా సాయంత్రాలు నేలమాళిగ మెట్లు దిగకండి.*

*మోక్రినా గారూ, ఒక్కరే కూర్చుని తింటున్నారా? ఆదివారాలన్నా చెల్లెలింటికి వెళ్ళండి.*

పోస్టాఫీసు చేతిరాత అది. కుడివైపుకి ఒరిగి, గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉంది. అతను సంతకం చేసి ఫైలు తిప్పి ఇచ్చాక, కవరు అంటించే ముందు రాసిన వాక్యాలు.

"ఈ ఆఖరిదుందే, మా ఆయన చనిపోయిన నెల రోజులకి వచ్చింది," అంది మోక్రినా. "కన్నకొడుకు కూడా అడగలేదయ్యా, ఒక్కదానివే తింటున్నావా అని. అంత పెద్ద సభలో కూర్చునేవాడివి, నువ్వడిగావు."

అర్సేనీ యుఖిమోవిచ్ నిన్నటిదాకా ఉలియానా మీద కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఆ కాగితాల్లో ఉన్న మనిషి మీద కుళ్ళు పుట్టింది. పేరు తనది, సంతకం తనది, కలం తనది. ఆ మనిషి మాత్రం తను కాదు. రెండోసారి ఈ జనం ఓటేసింది ఆ మనిషికి. తను వాడి జీతం తింటున్నాడు, వాడి కుర్చీలో కూర్చుంటున్నాడు.

అయినా గుండెలో ఒక ముల్లు మిగిలిపోయింది. దాన్ని పీకి పారెయ్యకపోతే నిద్ర పట్టదు. ఏదో మాటవరసకి అడిగినట్టు, "అంత దాచుకున్నారు, మరి మొన్న రొట్టె ఆవిడకిచ్చారే?" అన్నాడు.

మోక్రినా అతన్ని వింతగా చూసింది.

"ఆవిడ మొదటిసారి వచ్చింది గదయ్యా మా ఊరికి. ఉప్పూ రొట్టే ఎవరికిస్తారు? బయటినుంచి వచ్చినవాళ్ళకి. నీకియ్యాలా వద్దా అని ముందురోజు ఆడవాళ్ళం కూర్చుని వాదించుకున్నాం కూడా. నేనే అన్నాను, అతనికి రొట్టేందే, అతనేమన్నా పరాయివాడా, ఇంటికొచ్చిన పిల్లాడికి గడపలో రొట్టె పట్టుకుని నిలబడతామా, వేడి వేడిగా ఏదన్నా చేతిలో పెడతాం గాని, అని. బన్ను తిన్నావా?"

బన్ను ఇంకా కోటు జేబులోనే ఉంది. "తిన్నాను," అన్నాడు.

"పాపం ఆవిడ నిలబడలేకపోయింది, మోకాలు అంత వాచి ఉంది. మేమే బలవంతాన బెంచీ మీద కూర్చోబెట్టాం. సరే గాని," అని చెల్లెలి దరఖాస్తు అతని ముందుకి తోసింది, "దీని కింద నువ్వే ఒక ముక్క రాసియ్యి, నా ఎదురుగా. మా చెల్లెలికి చూపిస్తాను. నీ ఉత్తరాలంటే అది నమ్మదు. నేనే ఎవరిచేతో రాయించుకున్నానంటది."

అతను కలం తీశాడు. గది నిండా మనుషులు చూస్తున్నారు. చెల్లెలి పేరు దరఖాస్తులో ఉంది. ఆ తరవాత ఏం రాయాలో అతనికి తోచలేదు. ఆవిడకి ఆవు ఉందా? మొగుడున్నాడా? ఆఖరికి *ఆరోగ్యం జాగ్రత్త* అని రాశాడు. అక్షరాలు ఇంజనీరు గీసిన బొమ్మలోలాగా నిటారుగా, ఒకదానికొకటి అంటకుండా నిలబడ్డాయి.

మోక్రినా కాగితం దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తన ఉత్తరాల వైపు చూసింది. అతని మొహంలోకి చూసింది.

"చెయ్యి నొప్పిగా ఉందా నాయనా?" అంది చివరికి.

నిజం చెప్పేసేందుకు అంతకన్నా మంచి అదను మళ్ళీ రాదని అతనికి తెలుసు.

"అవును," అన్నాడు. "కొంచెం నొప్పిగా ఉంది."

"బాతుకొవ్వు రాసుకో. రాత్రిళ్ళు గుడ్డ చుట్టుకో," అంది మోక్రినా, ఉత్తరాలు మళ్ళీ రుమాల్లో ముడివేసుకుంటూ.

*

మిగిలిన ఇరవై ఒక్కమందినీ చూసేసరికి మూడు దాటింది. ఉలియానా ఇల్లు ఎక్కడని అడిగితే జఖార్ అతని వైపు ఒకసారి చూశాడు.

"వాగు అవతల. నీలం గేటు. మిమ్మల్ని దించాక చాలాసార్లు దింపానండి ఆవిణ్ణి," అన్నాడు. దారిలో ఇంక పరాచికాలాడలేదు.

గేటు లోపల ఉలియానా ముక్కాలిపీట మీద కూర్చుని అక్రోటుకాయలు పగలగొడుతోంది. ఎడమకాలు ఎదురుగా ఉన్న బకెట్టు మీద చాపుకుంది. అతన్ని చూసి కాలు దించుకుని లేచి, గేటు దాకా వచ్చింది.

"మోకాలు ఎలా ఉంది?" అన్నాడు అర్సేనీ యుఖిమోవిచ్. ఆరేళ్ళలో ఆవిడ గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది. అడుగుతున్నప్పుడే అతనికి ఆ సంగతి తెలిసింది.

"మీకెవరు చెప్పారు?"

"మోక్రినా."

"ఆవు ఈనిందటా?"

"అడగలేదు."

ఆవిడ తలూపింది. అతను గేటు పై కర్ర పట్టుకుని గబగబా చెప్పుకుపోయాడు. కీవ్‌కి ఫోను చేస్తానన్నాడు. ఆ కాగితం చెల్లదని ఇంకో కాగితం పంపిస్తానన్నాడు. తను ఏదో చూసి ఏదో అనుకున్నానన్నాడు. అన్నీ చెప్పాడు గాని, మోక్రినాకి చెయ్యి నొప్పి అని చెప్పిన సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇంకో కాగితం రాయచ్చు," అంది ఆవిడ. "నమూనా రెండో అరలో ఉంది, పచ్చ ఫైల్లో."

"సోమవారం వస్తారు గదా?"

ఆవిడ కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది. అతను గేటు బయటే నిలబడి ఎదురుచూశాడు. కోటు తొడుక్కుని సంచీ పట్టుకుని వస్తుందేమో అనిపించింది. ఆ ఆశతోనే, కార్యాలయానికి తీసుకెళ్తే కాలు చాపుకోవడానికి వీలుగా ముందు సీటు వెనక్కి జరపమని జఖార్‌కి చెబుదామని కూడా అనుకున్నాడు.

ఆవిడ వచ్చింది. చేతుల మీద ఎర్రదారం కుట్టిన తువ్వాలు ఉంది. దాని మీద హ్రుషివ్కా రొట్టె, అంచున ఆవిడ విరిచిన చిన్న ముక్క మేర గంటు, నడుమ గిన్నెలో ఉప్పు. గేటు దగ్గర ఆగి రెండు చేతులా ముందుకి చాపింది. ఆవిడ మొహంలో కోపం లేదు. ఎగతాళి అసలే లేదు.

"మా ఇంటికి మొదటిసారి వచ్చారు," అంది. "తీసుకోండి, అర్సేనీ యుఖిమోవిచ్."

అతను తొడుగు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎంత విరవాలో, ఎంత అద్దాలో అతనికి తెలుసు. పైపొర మూడు రోజులకి కర్రలా బిగుసుకుపోయి ఒక చేత్తో విరగలేదు. రెండు చేతులూ పెట్టి విరిచి, ఉప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. అతను మింగేదాకా ఆవిడ గేటుకి అటువైపు తువ్వాలు పట్టుకుని నిలబడింది.